వాడుకరి ఆకాంక్ష – వాటాదారు ఆకాంక్ష: ఆపిల్ సంస్థ వస్తునిర్ణయములపై ఒక పరిశీలనము

పదములు వాక్యమై అర్థమునిచ్చుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కావలెనని మన తార్కికులు చెప్పిరి. ‘తెమ్ము’ అన్నంతనే వినువాని బుద్ధి ‘దేనిని?’ అని ఎదురుచూచును. ఆ ఎదురుచూపే ఆకాంక్ష. అది పదమునకు సహజమైన ధర్మమా, వినువాని మనస్సునందలి జిజ్ఞాసయా యను వివాదమును శాస్త్రకారులు చాల దూరము నడపిరి. దానిని ఇచట పునరుద్ధరించుట నా యుద్దేశము కాదు. కాని ఒక సంగతి దానినుండి గ్రహింపవచ్చును: ఒకే మాటను విన్న ఇద్దఱికి రెండు వేర్వేఱు ఆకాంక్షలు కలుగవచ్చును. నేటి వ్యాపారలోకమున ఒక పెద్ద సాంకేతిక సంస్థ క్రొత్త వస్తువును ప్రకటించునపుడు జరుగుచున్నది ఇదియే. ఆ వస్తువును కొని వాడువాడు ఒకదానికై ఎదురుచూచును. ఆ సంస్థ వాటాలను కొన్నవాడు మఱియొకదానికై ఎదురుచూచును. ప్రకటనము మాత్రము ఇరువురికిని ఒక్కటే.

ఈ వ్యాసమున ఆపిల్ సంస్థ చేసిన కొన్ని నిర్ణయములను తీసికొని, ఈ రెండు ఆకాంక్షలు ఎక్కడ కలియుచున్నవో, ఎక్కడ పెనగులాడుచున్నవో వివరింప యత్నించెదను. భాషాశాఖవారి పత్రికలో ఈ విషయమేల యని మిత్రులు కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము మన లిపియందలి ఒక సంయుక్తాక్షరమున నున్నది. దానిని చివరకు ఉంచితిని.

ముందుగా పరిభాష. వస్తువును కొని ఉపయోగించువానిని నేను ‘వాడుకరి’ యనుచున్నాను. ‘వినియోగదారు’ అను మాట పత్రికలలో స్థిరపడినమాట నిజమే; అయినను ‘వాడుక’ యందు ఒక విశేషము కలదు. మన ఇండ్లలో పాలు పోయువారితో వాడుక పెట్టుకొందురు. అనగా దినదినము బేరమాడరు. నేడు పోసినట్టివే రేపును పోయుదురన్న నమ్మకముతో నెలకొకమాఱు లెక్క చూచుకొందురు. ఫోనును కొన్నవానికిని దానిని చేసిన సంస్థకును గల సంబంధము ఒకనాటి క్రయవిక్రయముతో ముగియునది కాదు, ఇట్టి వాడుకయే. ఫోను చేతికి వచ్చిన తరువాత కూడ దానిలోని ప్రణాళికలను సంస్థయే మార్చుచుండును, బాగుచేయుచుండును, ఒక్కొక్కప్పుడు చెఱుపుచుండును. ఇక ‘వాటాదారు’ అనగా సంస్థ మూలధనమున భాగమును కొన్నవాడు. 1976లో పుట్టిన ఆపిల్, 1980 డిసెంబరు 12న తన వాటాలను 22 డాలర్ల చొప్పున మొదటిసారి ప్రజలకు విక్రయించెను. నాటినుండి అది ఇరువురికి జవాబు చెప్పుకొనవలసిన సంస్థ అయినది.

వెల తగ్గుట వాడుకరికి సంతోషకారణమనియు, లాభము పెరుగుట వాటాదారుకు సంతోషకారణమనియు సామాన్యముగా తలంతుము. రెండును తప్పగుటకు అవకాశము కలదు. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోనును ప్రకటించెను. అది జూన్ 29న అంగళ్లకు వచ్చినది. 8 గిగాబైట్ల ఫోను వెల 599 డాలర్లు. పదివారములైనను నిండకముందే, సెప్టెంబరు 5న, ఆ వెలను 399 డాలర్లకు తగ్గించిరి. ముందుగా కొన్నవారు మండిపడిరి. మఱునాడే జాబ్స్ బహిరంగలేఖ వ్రాసి, వారికి ఆపిల్ అంగళ్లలో చెల్లు 100 డాలర్ల పత్రము నిచ్చెదమని ప్రకటింపవలసివచ్చెను. వాటాదారులైనను సంతసించిరా? వెల తగ్గించిన దినముననే వాటా ధర సుమారు 5 శాతము పడిపోయెను. ఫోనులు అనుకొన్నట్లు అమ్ముడుపోవుట లేదు కాబోలునని వారు శంకించిరి. వాడుకరి ఆ 200 డాలర్ల తగ్గింపునందు తన విశ్వాసమునకు జరిగిన అవమానమును చదివెను. వాటాదారు అందే రాబోవు నష్టమునకు సూచన చదివెను. వెల వెలగా ఎవ్వరికిని కనబడలేదు.

వాటాదారు చదువు ఇట్లుండుటకు కారణమును కీన్సు పండితుడు 1936లో ప్రకటించిన ‘జనరల్ థియరీ’ గ్రంథము 12వ ప్రకరణమున ఒక ఉపమానముతో చెప్పియున్నాడు. ఒక పత్రిక నూఱు ముఖముల ఛాయాచిత్రములు ముద్రించి, వానిలో అందమైన ఆఱింటిని ఎన్నుకొమ్మని పాఠకులను అడుగును. పోటీదారులందఱి సగటు అభిరుచికి ఎవని ఎన్నిక దగ్గఱగా నుండునో వానికి బహుమానము. అప్పుడు తెలివిగలవాడు తనకు నచ్చిన ముఖమును ఎన్నుకొనడు. ఇతరులకు నచ్చునని తాననుకొనునదానిని కూడ ఎన్నుకొనడు. ఇతరులకు ఏది నచ్చునని ఇతరులు అనుకొందురో దానిని ఊహించును. వాడుకరి ఆకాంక్ష వస్తువుపై నిలిచియుండగా, వాటాదారు ఆకాంక్ష ఇతరుల ఆకాంక్షపై నిలిచియుండునన్నమాట. అది ఆకాంక్షకు ఆకాంక్ష.

దీనికి 2013 జనవరి మంచి నిదర్శనము. ఆ నెల 23న ఆపిల్ గడచిన త్రైమాసికపు లెక్కలను బయలుపఱచెను. మూడు నెలలలో 4 కోట్ల 78 లక్షల ఐఫోనులు అమ్ముడుపోయినవి. ఆదాయము 5,450 కోట్ల డాలర్లు. లాభము 1,310 కోట్ల డాలర్లు. ఆ సంస్థ చరిత్రలో అంతకుముందు అన్ని ఫోనులు ఏ త్రైమాసికమునను అమ్ముడుపోలేదు. మఱునాడు వాటా ధర 12 శాతమునకు పైగా పడిపోయెను. ఆదాయము విశ్లేషకుల అంచనాకు కొంచెము తగ్గినది. తరువాతి మూడు నెలలకు సంస్థ చెప్పిన అంచనాయు వారు కోరినంత లేదు. ఆ 4 కోట్ల 78 లక్షలమందిలో ఏ ఒక్కనికిని తన ఫోను జనవరి 23నాటికన్న 24న చెడ్డదిగా తోచియుండదు.

ఇట్లని వాటాదారును జూదరిగను, వాడుకరిని సాధువుగను చిత్రించుట నాకు సమ్మతము కాదు. వాడుకరి మాటకును చేతకును పొత్తు కుదురుట అరుదు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వ్రాసిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ అను గ్రంథమున, సంస్థపై అసంతృప్తి కలిగినవానికి రెండు మార్గములున్నవనెను: విడిచిపోవుట, నోరు తెఱచి చెప్పుట. విశ్వాసము గలవాడు విడిచిపోక చెప్పుచుండును. అయితే చెప్పినదానిని కొనువాడా యనునది వేఱు ప్రశ్న. తెర పరిమాణముల చరిత్ర చూడుడు. 2014లో సామ్‌సంగ్‌తో నడచిన పేటెంటు వ్యాజ్యమున ఆపిల్ అంతరంగ పత్రములు కొన్ని న్యాయస్థానమున వెల్లడియైనవి. పెద్ద తెరగల ఫోనులను, చవుక ఫోనులను జనులు కోరుచున్నారనియు, తమయొద్ద అవి లేవనియు ఆ సంస్థవారే వానిలో వ్రాసికొనియుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో 4.7, 5.5 అంగుళముల తెరలతో ఐఫోను 6, ఐఫోను 6 ప్లస్ వచ్చినవి. డిసెంబరుతో ముగిసిన త్రైమాసికమున 7 కోట్ల 45 లక్షల ఫోనులు అమ్ముడుపోయి, 1,800 కోట్ల డాలర్ల లాభము వచ్చినది. వాడుకరి కోరిక, వాటాదారు కోరిక ఒక్కసారిగా తీరిన సందర్భములలో ఇంతకన్న గొప్పది లేదు. కాని పెద్ద ఫోనులు వచ్చినవెంటనే చిన్నవి కావలెనన్న గొంతులు లేచినవి. 2020లో 12 మినీ, 2021లో 13 మినీ యను పిడికిలిలో ఇముడు ఫోనులను సంస్థ చేసెను. 2022నాటి 14 శ్రేణిలో మినీ లేదు. అడిగినవారందఱు కొనలేదు. ఈ విషయమున మాత్రము లెక్కలు చూచువాడు వాడుకరిని వాడుకరికన్న బాగుగా ఎఱిగియుండెనని ఒప్పుకొనక తప్పదు.

హెడ్‌ఫోను రంధ్రమును తొలగించిన కథ అందఱు ఎఱిగినదే. 2016 సెప్టెంబరు 7న ప్రకటించిన ఐఫోను 7లో 3.5 మిల్లీమీటర్ల రంధ్రము లేదు. ఆ చోటు ఇతర భాగములకు కావలసివచ్చినదని సంస్థ చెప్పెను. ఇది సాహసమని కూడ ఆ వేదికపై చెప్పుకొనిరి. అదే దినమున, అదే వేదికపై, తీగలేని ఎయిర్‌పాడ్స్‌ను 159 డాలర్లకు ప్రకటించిరి. 1998లో ఐమాక్ నుండి ఫ్లాపీ డిస్కు గూటిని తీసివేసినప్పుడును గోల జరిగినది. కాని నాడు తీసివేసినదానికి బదులుగా మఱియొకటి అమ్ముట ప్రధానముగా లేదు. ఈ రెండింటిని ఒకే గాటికి కట్టి, ‘జనులు మొదట ఏడ్చెదరు, తరువాత అలవాటుపడెదరు’ అని సమర్థించుట వినుచున్నాము. అలవాటుపడుట సమ్మతికి ప్రమాణము కాదు. 2015లో మొదలిడి ల్యాప్‌టాపులకు పెట్టిన పలుచని మీటల పలకలు దుమ్ము పడి చెడిపోవుచుండెనని వాడుకరులు సంవత్సరముల తరబడి మొఱపెట్టిరి. ఎవ్వరును అలవాటుపడలేదు. 2018లో ఉచితముగా బాగుచేయు ఏర్పాటు, 2019 నవంబరులో పూర్వపు తీరు మీటలు వచ్చినవి. 2016లో తీసివేసిన రంధ్రములు కొన్ని 2021 అక్టోబరులో తిరిగి వచ్చినవి. అయిదేండ్లు!

నా విషయమునకు ప్రాణమువంటిది బ్యాటరీ వృత్తాంతము. దానిని కొంత విస్తరముగా చెప్పవలెను.

ఫోనులోని లిథియమ్-అయాన్ బ్యాటరీ వయస్సు మీఱినకొలది దాని అంతర్నిరోధము పెరుగును. ముసలియెద్దు చదునునేలపై నడచును గాని, ఒక్కసారిగా గట్టు ఎక్కుమన్నచో మోకాలు మడచును. అట్లే ఫోనులోని ప్రాసెసరు ఒక క్షణమున అధికవిద్యుత్తును కోరినచో, పాత బ్యాటరీ వోల్టేజి దిగజారి ఫోను హఠాత్తుగా ఆరిపోవును. దీనిని నివారించుటకు ఆపిల్ 2017 ఆరంభమున ఒక ప్రణాళికమార్పు పంపెను. పాత బ్యాటరీ గల ఫోనులలో ప్రాసెసరు వేగమును అది అవసరమును బట్టి తగ్గించుచుండెను. యంత్రశాస్త్రదృష్టితో చూచినచో ఇది దోషము కాదు. ఆరిపోవుటకన్న నెమ్మదించుట మేలు. దోషమంతయు వాడుకరికి స్పష్టముగా తెలుపకుండుటయందున్నది. ఏలయన, నెమ్మదించిన ఫోనును చూచి వాడు ‘బ్యాటరీ ముసలిదైనది’ అనుకొనలేదు. ‘ఫోను ముసలిదైనది’ అనుకొనెను. మొదటి యూహకు ఖర్చు 79 డాలర్లు. రెండవ యూహకు ఖర్చు ఒక క్రొత్త ఫోను.

వేగములను కొలుచువారు ఈ సంగతిని 2017 డిసెంబరున బయలుపఱచిరి. 20వ తేదీన సంస్థ ఒప్పుకొనెను; 28న క్షమాపణము చెప్పి, బ్యాటరీ మార్పు వెలను 79 నుండి 29 డాలర్లకు తగ్గించి, 2018 చివరివఱకు ఆ వెలకే మార్చెదమని ప్రకటించెను. ఇది వాడుకరి మొఱకు దొరకిన న్యాయము. ఆ సంవత్సరమంతయు జనులు పాత ఫోనులకు క్రొత్త బ్యాటరీలు వేయించుకొని, అవి ఇంకను పనిచేయునని కనుగొనిరి.

ఇక 2019 జనవరి 2. ఆ దినమున ప్రధానాధికారి టిమ్ కుక్ మదుపరులకొక లేఖ వ్రాసెను. అప్పుడే ముగిసిన త్రైమాసికమునకు 8,900 నుండి 9,300 కోట్ల డాలర్ల ఆదాయము రాగలదని చెప్పియుండిరి. అది 8,400 కోట్లు మాత్రమే యగునని ఆ లేఖ సారాంశము. తాను చెప్పిన అంచనాను ఆపిల్ ఇట్లు తగ్గించుకొనుట 2002 తరువాత అదే మొదలు. ప్రధానకారణముగా చైనాలోని మాంద్యమును పేర్కొనిరి. పిమ్మట చెప్పిన కారణములలో డాలరు బలము ఒకటి, టెలిఫోను సంస్థల రాయితీలు తగ్గుట ఒకటి, మఱియు కొందఱు వాడుకరులు చవుకవెలకు బ్యాటరీలు మార్పించుకొనుట ఒకటి. మఱునాడు వాటా ధర సుమారు 10 శాతము పడినది.

ఆ చివరి కారణమును నేను పలుమాఱులు చదివితిని. ఒక సంవత్సరము క్రిందట క్షమాపణముగా ఇచ్చినది, ఈ లేఖలో నష్టకారణముగా లెక్కకెక్కినది. లేఖయందు అసత్యము లేదు. బ్యాటరీ మార్చుట తప్పని కూడ అది అనలేదు. వాటాదారునకు నిజము చెప్పవలసిన విధి దానికున్నది, చెప్పినది. కాని ఆ నిజము ఏమి? వస్తువు ఎక్కువకాలము మన్నుట ఒక పద్దులో ఉపకారము, మఱియొక పద్దులో లోటు. వాడుకరి, వాటాదారు అను ఇరువురి ఆకాంక్షలు నేరుగా ఢీకొను తావు వెల కాదు, రూపము కాదు, క్రొత్తదనము కాదు, వస్తువు ఆయుర్దాయము. ఇతరవిషయములలో వారి తగవులు తీర్చవచ్చును. ఇందు మాత్రము ఒకని సంవత్సరము మఱియొకని త్రైమాసికమును తినివేయుచున్నది.

ఈ లేఖకు రెండు నెలల ముందు, 2018 నవంబరు 1న, మఱియొక నిర్ణయము వెలువడెను. ఇకమీదట ఐఫోనులు, ఐపాడులు, మాకులు ఎన్ని అమ్ముడుపోయినవో చెప్పబోమని సంస్థ ప్రకటించెను. అంగడిలో బండి నిండ సరుకు తీసికొని లెక్క కట్టువారియొద్దకు పోయినప్పుడు, ఎన్ని వస్తువులున్నవని వారు అడుగరు, విలువనే చూతురని కుక్ ఉపమానము చెప్పెను. ఉపమానము బాగున్నది, కాని బండిలోని వస్తువుల వెల పెరిగినదా, సంఖ్య పెరిగినదా యని తెలిసికొనగోరువానికి ఇది సమాధానము కాదు. లెక్క చూడుడు. 2017 ఆర్థికసంవత్సరమున 21 కోట్ల 68 లక్షల ఐఫోనులు అమ్మిరి. 2018లో 21 కోట్ల 77 లక్షలు. సంఖ్య ఇంచుమించు కదలలేదు. ఆదాయమో, 14,130 కోట్ల డాలర్లనుండి 16,670 కోట్లకు పెరిగినది. 999 డాలర్ల ఐఫోను టెన్ వచ్చినది ఆ సంవత్సరమే. అమ్మకముల సంఖ్య పెరుగుట ఆగినది. కొనువారు ఎక్కువ ఇచ్చుచున్నారు. ప్రకటనము వెలువడిన మఱునాడు వాటా ధర ఆఱు శాతమునకు పైగా తగ్గినది.

ఆ నవంబరు 1నాడే కుక్ మదుపరులతో మాటలాడుచు భారతదేశము, బ్రెజిలు, రష్యా, టర్కీలలో అమ్మకములకు ఇబ్బంది యున్నదనియు, చైనాను ఆ కోవలో చేర్చననియు చెప్పెను. జనవరి లేఖ వచ్చిన తరువాత ఈ మాటపై వాటాదారులు దావా వేసిరి. ముందు నిలిచినది ఇంగ్లండులోని నార్ఫోక్ కౌంటీ స్థానికప్రభుత్వోద్యోగుల పింఛను నిధి. 2024 మార్చిలో 49 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఆపిల్ ఒప్పుకొనెను. బ్యాటరీ విషయమున వాడుకరులు వేసిన దావా 2020 మార్చిలోనే రాజీకి వచ్చియుండెను: 31 కోట్లకు తగ్గక, 50 కోట్ల డాలర్లకు మించక. రెండింటిలోను సంస్థ తప్పును ఒప్పుకొనలేదు. ఈ రెండు మౌనములకు, వాడుకరికి చెప్పనిదానికిని వాటాదారునకు చెప్పనిదానికిని, వెల ఇంచుమించు సమానముగా తేలుట నాకు వింతగా తోచినది. మఱియొక సంగతి. ఆ నార్ఫోక్ పింఛనుదారులు వాటాదారులే గాని, వారిలో ఎందఱి జేబులలో ఐఫోనులున్నవో ఎవ్వరెఱుగుదురు? ఒకే మనుష్యుడు ఫోను మన్నవలెనని కోరుచు, పింఛను పెరుగవలెననియు కోరుచుండవచ్చును. వాడుకరి, వాటాదారు అనునవి ఇద్దఱు మనుష్యులు కారు, రెండు చూపులు. ఈ వ్యాసమంతట నేను సౌకర్యముకొఱకే ‘ఇరువురు’ అనుచున్నాను.

2019 తరువాత ఈ తగవు రూపము మాఱినది. ఫోనుల సంఖ్యకు బదులు వాడుకలోనున్న సాధనముల మొత్తమును సంస్థ చెప్పుచున్నది: 2019 జనవరిలో 140 కోట్లు, 2025 జనవరిలో 235 కోట్లు. పాటలు, నిలువచోటు, అంగడి రుసుములు మొదలగు సేవల ఆదాయము 2015లో సుమారు 1,990 కోట్ల డాలర్లు. 2024లో 9,620 కోట్లు. వస్తువులపై నూఱింట 37 డాలర్లు మిగులుచుండగా, సేవలపై 74 మిగులుచున్నవి. పాత ఫోను గలవాడును సేవలకు చెల్లించును గనుక, ఆయుర్దాయము వాటాదారునకు కొంతవఱకు ప్రీతికరమైనది. ఇది సంధి యనవచ్చునా? పూర్తిగా అనలేము. వెదకుటకు ముందుగా గూగుల్ తెఱచుకొనునట్లు ఏర్పఱచినందులకు ఆ సంస్థ 2022లో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చినట్లు న్యాయస్థానపు పత్రములవలన తెలిసినది. వాడుకరి ఎన్నడును కోరియుండని, తాకియుండని వస్తునిర్ణయము అది. ఇక మిగిలిన ధనము ఎటు పోవుచున్నదన్నచో, 2024 ఆర్థికసంవత్సరమున పరిశోధనకు సుమారు 3,140 కోట్ల డాలర్లు, తన వాటాలను తానే తిరిగి కొనుటకు సుమారు 9,500 కోట్లు.

మొదట చెప్పిన మూడింటిలో సన్నిధిని గూర్చి ఒక మాట. పదములను జాముకొకటిగా పలికినచో వాక్యము కాదు. వస్తువులకును ఇది చెల్లును. 2024 జూన్ 10న ఆపిల్ కృత్రిమమేధతో కూడిన సదుపాయములను ప్రకటించెను. తన వాడుకరి స్వవిషయములను ఎఱిగి బదులిచ్చు క్రొత్త సిరి వానిలో ప్రధానమైనది. మేధ విషయమున ఆపిల్ వెనుకబడినదని మదుపరులు అంతకుముందు చాలకాలముగా సణుగుచుండిరి. జూన్ 11న వాటా ధర 7 శాతమునకు పైగా పెరిగినది. ఆకాంక్ష తీరినది, వస్తువు లేదు! సెప్టెంబరులో ఐఫోను 16 అంగళ్లకు వచ్చినది, ఆ సిరిని చూపు ప్రకటనలును వచ్చినవి, సిరి రాలేదు. 2025 మార్చి 7న అది వాయిదా పడినదని సంస్థ తెలిపెను. అదే నెలలో వాడుకరులు దావా వేసిరి. జూన్‌లో వాటాదారులును వేసిరి. ఈ రెండు వర్గములును ఒకే మాటపై, ఒకే ఫిర్యాదుతో న్యాయస్థానమెక్కుట గమనింపదగినది. మాటకును వస్తువునకును నడుమ ఎడము పెరిగినపుడు రెండు చూపులును ఒక్కటైనవి.

ఇక వెనుక వాయిదా వేసిన సంయుక్తాక్షరము. 2018 ఫిబ్రవరిలో, సరిగా బ్యాటరీల మార్పు సాగుచున్న దినములలో, ఐఫోనులకు ఒక విచిత్రవ్యాధి పట్టినది. ఒక తెలుగు అక్షరము సందేశమున వచ్చినచో ఆ సందేశపు ప్రణాళిక కూలిపోవును. తెరచినకొలది మరల కూలును. సూచనపట్టికలో కనబడినచో ఫోనే నిలిచిపోవును. ఆ అక్షరము ‘జ్ఞా’. జకారము, హల్లు గుర్తు, ఞకారము, కంటికి కనబడని ఒక అసంయోజక సంకేతము, పిదప ఆకారపు దీర్ఘము: ఈ వరుసను అక్షరముగా కూర్చి చూపుటయందు ఆ ప్రణాళిక తప్పినది. మనము ‘జ్ఞానము’ అని మామూలుగా వ్రాయునప్పుడు ఆ కనబడని సంకేతము ఉండదు గావున తెలుగువాడు తన భాషను వ్రాసికొనుటవలన ఫోను చెడలేదు. చిలిపివారు ఆ వరుసను ఒకరినొకరు పంపుకొనుటచేతను, తమ పేర్లలో చేర్చుకొనుటచేతను అది లోకమెల్ల వ్యాపించినది. ఫిబ్రవరి 19న 11.2.6 అను సవరణతో ఆపిల్ దానిని కుదిర్చెను. వార్త వెలువడిన కొలది దినములకే.

మీటల పలకకు పట్టిన సంవత్సరములతో దీనిని పోల్చుడు. ఈ త్వర మన లిపిపై గౌరవమువలన కలిగినదని నేను భ్రమపడను. ‘జ్ఞా’ తెలుగువాని ఫోనును మాత్రమే కూల్చియున్నచో ఎన్నాళ్లు పట్టియుండెడిదో ఊహింపవచ్చును. అది తెలుగు ఒక్క అక్షరమైనను రాని కాలిఫోర్నియావాని ఫోనును కూడ కూల్చినది. అందుచే అది అందఱి దోషమైనది. హిర్ష్‌మన్ చెప్పిన రెండు మార్గములును, విడిచిపోవుటయు నోరు తెఱచుటయు, సంస్థ లెక్కలో నున్నవానికే పనిచేయును. వాటాదారు చూచు పట్టికలో కనబడని వాడుకరి గొంతు, ఫోను కూలినప్పుడు తప్ప, సంస్థ చెవిని చేరుట కష్టము. 2011 జనగణనమున తెలుగు తమ మాతృభాష యని చెప్పినవారు భారతదేశముననే 8 కోట్ల 11 లక్షలు. ఆపిల్ తన మదుపరులకిచ్చు నివేదికలలో లోకమును అయిదు భాగములుగా విభజించును: అమెరికాలు, ఐరోపా, విశాలచైనా, జపాను, మిగిలిన ఆసియా పసిఫిక్. వానిలో భారతదేశమున అమ్ముడుపోయిన ఫోనులు ఏ పద్దున చేరునని వెదకితిని. ఐరోపా పద్దున చేరును.